మండూక మండపం

మేకవెంట్రుకల గడ్డం పెట్టుకుని రాక్షసిని మోసం చెయ్యడం సులువే. ఆ గడ్డం గోక్కోకుండా నిలబడటమే కష్టం. శిలాకూట రాజ్యపు యువరాణి రణమంజరికి ఈ సంగతి మాంత్రికుడు ధూమకర్ణుడి కోట గుమ్మంలో తెలిసింది. ఒంటినిండా బూడిద పూసుకుని, నెత్తిన అరువు జటలు పెట్టుకుని, చేత బారెడు నెమలీకల కుంచె పట్టుకుని, భస్మజట స్వామి అనే దొంగపేరుతో ఆమె అక్కడ నిలబడి ఉంది. ఎదురుగా ద్వారపాలిక డుండుక కాళ్ళు బారజాపుకుని, ఒళ్ళో చాటెడు మరమరాలు పోసుకుని నములుతోంది. ఆ రాక్షసి కూర్చుంటేనే తాటిచెట్టులో సగం ఉంది.

తాను ధూమకర్ణుల వారి శిష్యుణ్ణనీ, కప్పలకు పూజ చేసి రమ్మని గురువుగారు పంపారనీ రణమంజరి గొంతు బొంగురు చేసి చెప్పింది. డుండుక ఆమెను ఎగాదిగా చూసింది. అయ్యగారికి ఇంకో శిష్యుడు దొరికాడంటే లోకంలో తెలివితక్కువవాళ్ళకి కరువు రాలేదన్నమాట అని గొణిగి, కాలితో తలుపు తోసింది.

లోపల మండూక మండపం. చంద్రకాంత శిలల స్తంభాలు, వాటి మీద పగడపు తీగలు, తీగల చివర నీలాల మొగ్గలు. కప్పు నుంచి ముత్యాల జాలరు వేలాడుతోంది. నల్లరాతి నేలంతా చదరంగపు బల్లలా గళ్ళు గళ్ళుగా చెక్కి ఉంది. ఒక్కో గడిలో ఒక పచ్చల దొన్నె, దొన్నెలో చారెడు నీళ్ళు, నీళ్ళలో ఒక బంగారు కప్ప. ఒక పక్క గోడలోంచి సన్నటి సెలయేరు దూకుతోంది. ఆ నీటి తోపుకి కంచు ఏనుగొకటి తొండం ఎత్తి, ఎదురుగా వేలాడే పళ్ళెమంత గంట మీద దెబ్బ వేస్తోంది. ఖంగుమన్న ప్రతిసారీ రణమంజరి కప్పల కేసి చూడటమే తప్ప, ఆ నేల మీద కదలిక లేదు. వేల కప్పల్లో మేలుకున్నవి నాలుగంటే నాలుగే. నాలుగూ చతురస్రంగా కూర్చుని, తాతల నాటి ఆస్తి కాపలా కాస్తున్నట్టు కదలకుండా బెకబెకమంటున్నాయి.

ఆ చివర స్ఫటిక పీఠం మీద రాతిబొమ్మై కూర్చున్నాడు వినయపురి యువరాజు సుభాషితవర్మ. ఆయన రణమంజరి మొగుడు.

వినయపురి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ రాజ్యంలో ఎవరితో ఏం మాట్లాడాలన్నా ముందు ఎదుటివారి వంశం, బిరుదులు చదివి, ఆ మీదట వారి ఇంటిల్లిపాదినీ పశువులతో సహా కుశలమడిగి, అప్పుడు గాని అసలు మాటకు రాకూడదు. ఇల్లు అంటుకున్నా అంతే. పొరుగువాణ్ణి పిలిచి, వాడి ముత్తాత కీర్తిని పొగిడి, వాడి గేదె కుశలం కనుక్కుని, అయ్యా మా ఇంటికి నిప్పంటుకుంది, తమకు తీరికైతే ఒక కడవ నీళ్ళు అంటారు. అందుకే వినయపురిలో పాత ఇల్లన్నది కనిపించదు.

శిలాకూటం వాళ్ళు కొండ మనుషులు. పులి వచ్చిందంటే పులి అని అరుస్తారు. అలాంటి పిల్ల ఇలాంటి మొగుణ్ణి కట్టుకుంది. శోభనం గదిలో ఆయన బిరుదావళి మొదలుపెట్టి కోడి కూసేవేళకు కుశలప్రశ్నలకు వచ్చాడు. ఆ తరవాత వారానికే ధూమకర్ణుడు ఎగిరే రోలు మీద కూర్చుని ఉద్యానవనంలో దిగితే, కత్తి దుయ్యాల్సిన మనిషి చేతులు జోడించి, ధూమ్రవంశ తిలకా అని అందుకున్నాడు. మాంత్రికుడు ముచ్చటపడి, రోట్లో వేసుకుని పోయాడు. ఇంతటి మొగుడికోసం ఎందుకమ్మా అడవులు పట్టడం అని చెలికత్తెలు రణమంజరిని అడిగారు. ఆయన లేని ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనీ, అది తనకు ఏడుపు తెప్పిస్తోందనీ వాళ్ళకు చెప్పడం ఆమెకు నామోషీ.

డుండుకకు మాట్లాడే తోడు దొరక్క నోరు కట్టేసినట్టుంది కాబోలు, అడక్కుండానే అన్నీ చెప్పేసింది. అయ్యగారు సాయంత్రానికి వచ్చి ఈ బొమ్మను పొడి చేసి విభూది పట్టించుకుంటారట. పాపం మంచి పిల్లాడు, చెప్పేది చివరిదాకా వినే రకం. అంతలా వినేవాడు బతుకులో మొదటిసారి దొరికేసరికి, అయ్యగారు మురిసిపోయి తన ప్రాణం ఎక్కడ దాచాడో కూడా చెప్పేసుకున్నాడు. తరవాత నాలుక కరుచుకుని, పిల్లాడి కాలాన్ని ఈ కప్పలకు కట్టేశాడు.

రణమంజరి చెవులు నిక్కాయి. ధూమకర్ణుడి ప్రాణం ఎక్కడుందో తెలిస్తే వాడి పని పట్టడం ఎంతసేపు? అది తెలిసిన నోరు ఎదురుగానే ఉంది, రాయై. సాయంత్రానికల్లా ఆ నోరు తెరిపించాలి. కప్పలకూ కాలానికీ ఏం సంబంధమని ఆమె స్వాముల పద్ధతిలో, తనకు తెలిసినా పరీక్షకే అడుగుతున్నట్టు అడిగింది.

"అదేవఁన్నా బెమ్మవిద్దా సామీ?" అంది డుండుక మరమరాలు నోట్లో పోసుకుంటూ. "లేచున్న కప్పకి చుట్టూ ఎనిమిది గళ్ళల్లో ఇద్దరో ముగ్గురో తోడుంటే కబుర్లాడతా లేచే ఉంటది. ఒక్కడే ఉన్నా, ఎవరూ లేకపోయినా బెంగతో పడుకుంటది. నలుగురైదుగురు చేరారా, ఆ గోల పడలేక పడుకుంటది. పడుకున్నదాని చుట్టూ సరిగ్గా ముగ్గురు అరిస్తే లేచి కూర్చుంటది. గంట మోగినప్పుడల్లా ఇదే వరస. కప్పలు మారకపోతే ఈ పిల్లాడు రాయి. కప్పలు మారితే మోతకో ఊపిరి. మొదట కూర్చున్నట్టే మళ్ళీ కూర్చున్నాయనుకో, పిల్లాడి బుర్రా మొదటికొస్తది. అన్నీ పడుకున్నాయంటే పిల్లాడు పోయినట్టే."

రణమంజరి ఇక ఆగలేదు. కుంచె చివరతో తాకితే పడుకున్న కప్ప లేస్తోంది, లేచింది పడుకుంటోంది. పాత నలుగురినీ సోమరులని తిట్టి, మధ్యలో మూడు కప్పల్ని వరసగా లేపి, ఆ నలుగురినీ పడుకోబెట్టింది. ఖంగుమంది. అడ్డంగా ఉన్న ముగ్గురూ నిలువుగా అయ్యారు. మళ్ళీ ఖంగుమంటే మళ్ళీ అడ్డం. పీఠం మీద రాయికి రంగొచ్చింది. సుభాషితవర్మ కళ్ళు తెరిచి, గడ్డంలో జటల్లో ఉన్న భార్యను ఇట్టే పోల్చుకుని, చేతులు జోడించాడు.

"శ్రీమత్..." అన్నాడు. ఖంగుమంది. "శిలాకూట..." అన్నాడు. ఖంగుమంది. చేతులు విడిపోయి, మళ్ళీ జోడించుకుని, "శ్రీమత్..." అన్నాడు.

పది మోతల పాటు రణమంజరి శ్రీమత్, శిలాకూట అనే రెండు ముక్కలే వింది. అసలు సంగతి చెప్పండి అని పళ్ళ బిగువున కసిరితే, ఆయన నొచ్చుకుని, "క్షమించండి, శ్రీమత్..." అన్నాడు. ఉన్న రెండు ఊపిరుల్లో ఒకటి క్షమాపణకు పోయింది. మొగుడి అలవాటు మార్చడం ఈ జన్మకు కాదు. మార్చాల్సింది కప్పల్నే అని ఆమెకు అప్పుడే అర్థమైంది.

కానీ ఒక వరస పేర్చేలోగా గంట మోగి అంతా కప్పల తక్కెడ అయిపోతోంది. అందుకని ఆమె డుండుకను పిలిచి, కప్పలకు మంత్రస్నానం చేయించేటప్పుడు గంట మోగితే గురువుగారికి అరిష్టమని బెదిరించింది. రాక్షసి కంచు ఏనుగు తొండాన్ని చంకలో ఇరికించుకుని నిలబడింది. వదలమన్నప్పుడు వదలడం, పట్టమన్నప్పుడు పట్టడం. దానికీ పొద్దుపోవడం లేదాయె.

ముగ్గురి బదులు నలుగురిని వరసగా పెట్టింది యువరాణి. అవి రెండు మోతల్లో చిన్న వలయం కట్టి బిగుసుకున్నాయి. మొగుడు మళ్ళీ రాయయ్యాడు. ఐదుగురిని పెట్టింది. వాళ్ళు నాలుగు ముఠాలుగా విడిపోయి, ఒక్కో ముఠాలో ముగ్గురు అడ్డం నిలువు ఆట ఆడారు. కథ మళ్ళీ శ్రీమత్ దగ్గరే. ఆరుగురిని పెట్టింది. ఈసారి కప్పలు పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకున్నాయి. సుభాషితవర్మ హాయిగా అందుకుని, "రాజవంశ సుధాసముద్ర" దాకా వచ్చాడు. ఆహా అనుకునేలోగా పువ్వు రాలడం మొదలుపెట్టింది. ఇక్కడ నాలుగు, అక్కడ నాలుగు. గోల సన్నగిల్లింది. మొగుడి పెదాలు నీలం తిరుగుతున్నాయి.

రణమంజరి కుంచె పారేసి ఒక్క గెంతు గెంతింది. జట ఒకటి ఊడిపోయింది. ఏనుగు తొండం దిగుతోంది. మూలన ఉన్న గళ్ళ మీద బోర్లా పడి, చేతికందిన మూడు దొన్నెల్ని అరచేత్తో చరిచింది. ఖంగుమంది. నడిమధ్యన ఆఖరి కప్పలు కళ్ళు మూశాయి. మూలన ముగ్గురు మాత్రం అడ్డం నుంచి నిలువుకు తిరిగి, బెక్ మన్నారు.

"శ్రీమత్..." అన్నాడు సుభాషితవర్మ. ఆ మాట వినడం ఆమెకు ఇంత సంతోషంగా ఎన్నడూ లేదు. అక్కడే నేల మీద కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకుంది.

"ఏం పూజ సామీ ఇది? దొర్లుడు పూజా?" అంది డుండుక.

ఆ మూలన ముగ్గురినీ అప్పటినుంచి కాపలాకు ఉంచేసింది. నడుమ ఏమైనా, ప్రాణం నిలబెట్టడానికి వాళ్ళు చాలు. ఇక ధైర్యంగా ఏడు, ఎనిమిది, తొమ్మిది పెట్టి చూసింది. ఒక్కోసారి మండపమంతా రంగవల్లి వేసినట్టు వెలిగి, చివరికి చతికిలపడుతోంది. పది పెట్టింది. ఈ పదిమంది ఘటికులు. కాసేపు సర్దుకుని, పొడుగ్గా సాగి, ఉబ్బి, రెండు కొసల నుంచీ నోళ్ళు తెరిచి మూసి, ఎక్కడెక్కడో తిరిగినట్టు తిరిగి, పదిహేనో మోతకు ఏమీ ఎరగనట్టు మొదటి ఆకారానికి వచ్చి కూర్చున్నారు. రాలడం లేదు, బిగుసుకోవడం లేదు. ఇంత చక్కని దండుకు మూలవాళ్ళ గొడవ ఎందుకని ఆమె వెంటనే కాపలా ముగ్గురినీ నిద్రపుచ్చింది.

సుభాషితవర్మకు ఇప్పుడు పదిహేను ఊపిరులు. శ్రీమత్ శిలాకూట రాజవంశ సుధాసముద్ర పూర్ణచంద్రికా, నిశితఖడ్గ విద్యా విశారదా అంటూ సాగి, రణమంజరీ దేవీ, తమరు కుశలమా, మామగారు కుశలమా, అత్తగారు కుశలమా, తమ పట్టపుటేనుగు కుశలమా అన్నాడు. అంతే, ఖంగుమంది. మళ్ళీ శ్రీమత్.

"ఈ రణమంజరెవరు సామీ?" అని డుండుక అడిగింది. వీడి పెళ్ళాం అయి ఉంటుంది, పాపం, ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో అని స్వామి జవాబిచ్చాడు.

ఆయన్ని ఆ పట్టపుటేనుగు కుశలం దాటించడం ఆమె తరం కాలేదు. అక్కడికీ వదలకుండా కాపలావాళ్ళని మళ్ళీ లేపి, పదకొండు, పన్నెండు పెట్టింది. లాభం లేదు. విసుగొచ్చి మళ్ళీ పదికే వచ్చింది. ఈసారి ఆదరాబాదరాగా మూలన ముగ్గురినీ నిద్రపుచ్చడం మరిచిపోయింది. తీరా డుండుక తొండం వదిలాక గుర్తొచ్చి, నాలుక కరుచుకుని, సరే ఇంకో తూరి చూద్దాంలే అని కూలబడింది. పట్టపుటేనుగు కుశలమా అన్నాడు మొగుడు. ఖంగుమంది. ఆమె శ్రీమత్ కోసం చెవి ఒగ్గింది.

"కంచు ఏనుగు దగ్గర ఇంతసేపటినుంచి నిలబడి శ్రమపడుతున్న ఈ రాక్షసకుల దీపిక కూడా కుశలమా?" అన్నాడు సుభాషితవర్మ.

డుండుక చాట జారి మరమరాలు నేలపాలయ్యాయి. దాన్ని కుశలమడిగినవాళ్ళు పుట్టలేదు. కళ్ళొత్తుకుంటూ, బాగానే ఉన్నాను నాయనా, మోకాళ్ళే కాస్త నొప్పి అని జవాబు చెప్పింది.

రణమంజరి మాత్రం కప్పల్నే చూస్తోంది. పదిమంది దండు మొదటి ఆకారానికి వచ్చేసింది. అయినా మొగుడి బుర్ర మొదటికి రాలేదు. ఎందుకంటే మూలన ముగ్గురు అడ్డంగా ఉండాల్సినవాళ్ళు నిలువుగా ఉన్నారు. రోజు విడిచి రోజు వచ్చే చల్లలమ్మే ఆవిడా, పదిహేను రోజులకోసారి వచ్చే గాజులమ్మే ఆవిడా ఒకనాడు ఒకే గుమ్మంలో ఎదురుపడితే, మళ్ళీ ఆ ఇద్దరూ అక్కడే ఎదురుపడటానికి నెల పడుతుంది. దండూ కాపలా రెండూ కలిసి మొదటికి రావాలంటే ముప్పై మోతలు కావాలి. మరిచిపోయి చేసిన పని, బుద్ధిపెట్టి చేసినవాటికన్నా మేలు చేసింది.

గడ్డం ఊడిపోతున్నా పట్టించుకోకుండా ఆమె పీఠం దగ్గరికి పరుగెత్తింది. సుభాషితవర్మ వినయపురి సంప్రదాయం తప్పకుండా కుశలప్రశ్నలు ముగించి, గొంతు సవరించుకుని, మొట్టమొదటిసారి అసలు మాటకు వచ్చాడు.

"దేవీ, ధూమకర్ణుడి ప్రాణం ఏ చిలకలోనూ లేదు. చిలకనైతే ఎవరో ఒకరు ఎత్తుకుపోతున్నారని, ఈ కప్పలన్నిటికీ పంచిపెట్టాడు. ఒక్క కప్ప మేలుకుని ఉన్నా వాడు చావడు. అన్నీ నిద్రపోతే పోతాడు. వాటికే నన్నూ కట్టాడు. నా మనుషులెవరూ ఆ పని చెయ్యలేరని వాడి ధీమా. మీరు చెయ్యండి. నాకు సమ్మతమే. మీతో ఉన్న ఆ కొద్ది రోజులూ నేను..."

ఖంగుమంది. ఆయన ముఖం మీద బరువంతా చెరిగిపోయింది. చిరునవ్వుతో చేతులు జోడించాడు.

"శ్రీమత్..."

తన ప్రాణం తీసెయ్యమన్న మనిషి ఆ సంగతే మరిచిపోయి, నవ్వుతూ బిరుదులు చదువుతున్నాడు. ఆ కొద్ది రోజులూ నేను... ఏమిటి? ఆ మాట వినాలంటే ఇంకో ఊపిరి కావాలి. ఇంకో చిన్న ముఠాను ఎక్కడైనా పెడితే, దాని లెక్కా దీని లెక్కా కలిసి ఇంకా దూరం పోవచ్చేమో. ఏళ్ళకేళ్ళు కూడా పోవచ్చు. ఆమె కుంచె ఎత్తింది.

"సామీ, అయ్యగారు!" అంది డుండుక.

ఆకాశంలో రోలు గిరగిరా తిరుగుతూ వస్తోంది. ఆరు కప్పల పూజ జరిగినప్పుడే, ఎక్కడో సముద్రం అవతల ధూమకర్ణుడికి గుండెలో కలుక్కుమంది. అప్పుడు బయల్దేరినవాడు ఇప్పుడు గుమ్మంలో దభీమని దిగాడు. పొట్టిగా, బోదకాళ్ళతో, రెండు చెవుల్లోంచీ గుప్పుగుప్పున పొగ వదులుతున్నాడు. కంగారులో డుండుక ఏనుగు తొండాన్ని గట్టిగా వాటేసుకుంది. గంట ఆగింది. సుభాషితవర్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, చెవులు మాత్రం వింటూనే ఉన్నాయి.

రణమంజరి గడ్డం పీకి అవతల పారేసింది. కుంచెను దండు నడిబొడ్డున, కప్పల వీపులకు వెంట్రుకవాసి ఎత్తులో నిలిపింది. మూలన ముగ్గురూ ఆమెకు ఒక్క గెంతు దూరం.

"అక్కడే ఆగు. నీ ప్రాణం ఎక్కడుందో నాకు తెలుసు. ఒక్క అడుగు వేశావంటే అన్నిటినీ నిద్రపుచ్చుతాను."

ధూమకర్ణుడి పొగ ఆగింది. వాడి కళ్ళు కప్పల మీదికి, కుంచె మీదికి, పీఠం మీదికి తిరిగి, ఆమె ముఖం మీద నిలిచాయి. మెల్లగా నవ్వాడు. నీ మొగుడూ పోతాడే పిల్లా అన్నాడు. ఆయన ఒప్పుకున్నాడు అంది రణమంజరి. ఒప్పుకున్నది ఆయనకు గుర్తుందా అని అడిగాడు మాంత్రికుడు.

"తొండం వదలవే డుండుకా. వాడి నోటితోనే విందాం," అన్నాడు ధూమకర్ణుడు. తరవాత పీఠం కేసి తిరిగి, సంతలో బేరమాడేవాడి గొంతుతో అడిగాడు. "ఏం నాయనా, ఈ కప్పల్ని పడుకోబెడితే నువ్వు చస్తావని తెలుసు కదా? నీ పెళ్ళాం నువ్వు ఒప్పుకున్నావంటోంది. ఎప్పుడు ఒప్పుకున్నావు?"

డుండుక ఏడుస్తూ తొండాన్ని ఒక్క మోతకే వదిలింది. ఖంగుమంది.

సుభాషితవర్మకు ఏమీ గుర్తులేదు. అది ఆయన కళ్ళలోనే కనిపిస్తోంది. ఆ కళ్ళు మాంత్రికుణ్ణి చూశాయి, కప్పల మీద నిలిచిన కుంచెను చూశాయి, బూడిద మీద చారలు కట్టిన భార్య చెంపల్ని చూశాయి. ఉన్నది ఒక్క ఊపిరి. ఆయన వంశంలో ఏడుతరాలుగా ఎవరూ చెయ్యని పని చేశాడు. బిరుదు లేకుండా, కుశలమడక్కుండా, ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఒప్పుకున్నాను."

తను మాంత్రికుడితో అన్న మాట నిలబెట్టడానికే ఆయన అలా అన్నాడని రణమంజరికి తెలిసిపోయింది. ఇప్పుడు ఈ మనిషిని పోగొట్టుకోవడం తన వల్ల కాదని కూడా తెలిసిపోయింది. నెమలీక కొస సన్నగా వణికింది.

ఆ వణుకు ధూమకర్ణుడు చూశాడు. చూసి, మండపంలో కాలు పెట్టాడు.